సైరన్ వేస్తే రెడ్ సిగ్నల్ దాటేయొచ్చా? ఆంబులెన్స్ డ్రైవరుకి మినహాయింపు ఎంతవరకు?

రాజాం_రూటు
రాజాం నుంచి శ్రీకాకుళం, విశాఖకి పేషెంట్లని తీసుకెళ్లే ప్రైవేటు ఆంబులెన్స్ డ్రైవర్ల తరఫున అడుగుతున్నాను. స్టాండులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. సైరన్ వేస్తే ఏ రూలూ వర్తించదని కొందరు. మినహాయింపు 108 బండ్లకే, ప్రైవేటుకి లేదని ఇంకొందరు. సిటీలో కెమెరా సిగ్నల్ దాటితే చలానా ఓనరు పేరున వస్తుంది, ఓనరు డ్రైవరు జీతంలో కోస్తాడు. లోపల పేషెంటు ఉంటే రెడ్ దగ్గర ఆగాలా, దాటాలా? వన్‌వేలో ఎదురు వెళ్లొచ్చా? దాటుతూ ఎవర్నైనా గుద్దితే తప్పు ఎవరి మీద పడుతుంది? తెలిసినవాళ్లు సెక్షన్లతో సహా చెప్పండి.

స్టీరింగ్_సిక్కోలు
సైరన్ ఉంటే దాటేయొచ్చు. అంతే.

కోర్టు_మెట్లు
అంతే కాదు బాబూ. పాత 1989 రోడ్డు నిబంధనలు పోయి 2017లో మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి. అత్యవసర పని మీద ఉన్న బండి సంగతి అందులోనే ఉంది. ప్రాణం కాపాడటానికో, మంట ఆర్పటానికో వెళ్తూ, సైరనూ లైట్లూ రెండూ వేసుకుని ఉంటే, తప్పనిసరైనప్పుడు రెడ్ దాటొచ్చు, స్పీడు లిమిట్ మించొచ్చు, వన్‌వేలోకో నో ఎంట్రీలోకో వెళ్లొచ్చు. అయితే "తగిన జాగ్రత్తతో, బాధ్యతతో" అన్న షరతు ఉంది. కేసు కోర్టుకొస్తే వాదనంతా ఆ షరతు చుట్టూనే నడుస్తుంది.

108 బండా, ప్రైవేటు బండా అని అక్కడ తేడా చూపలేదు. ఆర్‌సీలో ఆంబులెన్స్ అని రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సమయానికి అత్యవసర పని మీద ఉండాలి. ఓమ్నీ వ్యానులో స్ట్రెచర్ పడేసి సైరన్ కట్టుకున్న బండికి ఇదేదీ వర్తించదు.

రాజాం_రూటు
పేషెంటుని దించేసి ఖాళీగా వెనక్కి వస్తుంటే?

కోర్టు_మెట్లు
అప్పుడది మామూలు వ్యాను. రెడ్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద డేంజరస్ డ్రైవింగ్. 2019 సవరణలో రెడ్ దాటడం, చేతిలో ఫోన్ పట్టుకుని తోలడం, ఎదురు దిశలో రావడం ఆ సెక్షన్ వివరణలో పేరుపెట్టి రాశారు. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పేషెంటుని ఎక్కించుకోడానికి ఖాళీగా వెళ్లడం మాత్రం అత్యవసర పనే. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, ఎక్కడికి రమ్మన్నారు అనేది రాసి ఉండాలి.

ఈఎంటీ_చీపురుపల్లి
"సైరన్ ఉంటే దాటేయొచ్చు" అన్న అన్నకి నా అభ్యంతరం ఏటంటే, సైరన్ అవతలివాడికి ఎంత దూరం వినిపిస్తోందో డ్రైవరుకి తెలీదు. ఏసీ వేసి అద్దాలెక్కించిన కారులో పాట నడుస్తుంటే బండి బాగా దగ్గరకొచ్చేవరకు వినపడదు. బండి స్పీడు పెరిగేకొద్దీ అవతలివాడు విని తప్పుకోడానికి దొరికే టైము తగ్గిపోతుంది.

జంక్షన్ దాటే పద్ధతి ఇది. 100 మీటర్ల ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు మీదకి తేవాలి. హైవేలో వేసే సాగదీసిన వెయిల్ మోత ఆపి, గబగబా కొట్టే యెల్ప్ మోతకి మార్చాలి. మోత మారితేనే జనం తలతిప్పి చూస్తారు. స్టాప్ లైను దగ్గరకి వచ్చేసరికి 15, 20కి దిగిపోవాలి, అవసరమైతే పూర్తిగా ఆగాలి. ముందు కుడివైపు చూడాలి, మన రోడ్ల మీద మొదట తగిలే బండి అటునుంచే వస్తుంది. ఆ లైను ఆగిందని కళ్లతో చూశాక ముక్కు ముందుకి పెట్టాలి, తర్వాత రెండో లైను, ఆ తర్వాత ఎడమ. నాలుగు లైన్లూ ఒకేసారి చూసేసి ఉరికితే అక్కడే దెబ్బ.

అన్నిటికన్నా ప్రమాదం ఆగిన బస్సు. మీకోసం బస్సు ఆగింది కదా అని మీరు కదులుతారు. బస్సు పక్కనుంచి వచ్చే మోటారు సైకిలు మీకు కనపడదు, అతనికి మీరు కనపడరు.

స్టీరింగ్_సిక్కోలు
ప్రతి జంక్షన్లో ఇలగ ఆగుతూ పోతే పేషెంటు ఏటవుతాడు? శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షను, డే అండ్ నైట్ జంక్షను, అరసవల్లి జంక్షను, ఇవన్నీ దాటి వెళ్లాలి కదా.

ఈఎంటీ_చీపురుపల్లి
లెక్క వేద్దాం అన్నా. ఒక్కో జంక్షన్లో నెమ్మదించడం వల్ల పోయేది 5 నుంచి 10 సెకన్లు. ఆరు జంక్షన్లు వేసుకున్నా ఒక్క నిమిషం. హైవేలో 20 కిలోమీటర్లు 80లో వెళ్తే 15 నిమిషాలు, 100లో వెళ్తే 12. మిగిలింది 3 నిమిషాలు. ఆ 3 నిమిషాల కోసం కట్టే ఖరీదు బ్రేకు దూరంలో ఉంది. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, చూసి కాలు వెయ్యడానికి ఒక సెకను పట్టిందనుకుంటే 60లో సుమారు 40 మీటర్లు, 80లో 63, 100లో 90 దాటి కావాలి. వాన పడితే ఇంకా ఎక్కువ.

పైగా వెనకాల ఉన్నవాడి సంగతి. 100లో వెళ్తూ సడన్ బ్రేకు వేస్తే స్ట్రెచర్ మీదున్న పేషెంటు బెల్టులోంచి ముందుకి జారతాడు. సెలైన్ పెట్టాలన్నా, గొంతులో గొట్టం సరిచెయ్యాలన్నా, గుండె నొక్కాలన్నా బండి కుదురుగా పోతేనే చెయ్యగలం. టైము పోయేది రోడ్డు మీదకన్నా ఎక్కించేచోట, ఆసుపత్రి గుమ్మంలో. బయల్దేరేముందే ఆసుపత్రికి ఫోన్ చేసి బెడ్డుందో లేదో కనుక్కుంటే హైవేలో మిగిలే 3 నిమిషాలకన్నా ఎక్కువ కలిసొస్తుంది.

వంశధార_ఒడ్డు
ఈఎంటీ గారు చెప్పిందాంట్లో ఆ లాస్ట్ ముక్క బంగారం.

ఫైర్‌బండి_విజయనగరం
మా బండ్ల సంగతి కూడా కలుపుతాను. వాటర్ టెండర్‌లో, అంటే నీళ్లు మోసే ఫైరింజన్లో, 4,500 లీటర్ల నీళ్లుంటే ఒక్క నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు. మలుపులో ఆ నీళ్లు ఒకపక్కకి వెళ్లిపోతాయి. ట్యాంకులో అడ్డపలకలున్నా పూర్తిగా ఆగదు. నిండు ట్యాంకుకన్నా సగం ఖాళీ అయిన ట్యాంకు ఎక్కువ ప్రమాదం, నీళ్లు ఊగడానికి చోటు దొరుకుతుంది కాబట్టి. అందుకే మలుపుకి ముందే స్పీడు తగ్గించాలి, మలుపులో బ్రేకు వెయ్యకూడదు. మయూరి జంక్షన్ నుంచి కోట వైపు తిరిగే రోడ్లలో 30 దాటితే ఎక్కువే.

ఇంకోటి. జంక్షన్లో ఫైరింజనూ ఆంబులెన్సూ ఎదురుపడితే ముందెవరు? రెగ్యులేషన్లో వరస ఉంది. మొదట ఫైర్, తర్వాత ఆంబులెన్స్, ఆ తర్వాత పోలీసు. రోడ్డు మీద ఆ వరస ఎవరికీ గుర్తుండదు గనక ఇద్దరూ నెమ్మదించాలి. రెండు సైరన్లు ఒకేసారి మోగుతుంటే రెండో బండి ఉందనే ఇద్దరికీ తెలీదు. రెండు ఫైర్ బండ్లు వరసగా వెళ్తే ఇంకా కష్టం. మొదటిది దాటగానే జనం రోడ్డు మీదకి వచ్చేస్తారు. అందుకే రెండో బండి దూరం పెట్టాలి, సైరన్ మోత వేరేది పెట్టాలి.

బొబ్బిలి_బుల్లోడు
సైరన్ మోత మార్చడం తెలీక మా వీధిలో చాలామంది ఒకే మోత పెట్టి గంటన్నర ఊదేస్తారు. వీణలు చేసే ఊళ్లో ఒకే స్వరమా బాబూ అని మా తాత నవ్వుతాడు.

రాజాం_రూటు
మరి గుద్దితే?

కోర్టు_మెట్లు
మినహాయింపు ట్రాఫిక్ రూలుకే, నిర్లక్ష్యానికి కాదు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1), 5 ఏళ్ల వరకు శిక్ష. 2024 జూలై 1కి ముందు పాత ఐపీసీ 304ఎలో అది 2 ఏళ్లే. చనిపోకపోయినా ర్యాష్ డ్రైవింగుకి అదే సంహితలో సెక్షన్ 281, గాయాలకి 125 ఉన్నాయి. "లోపల పేషెంటున్నాడు" అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందేమో గానీ కేసు కొట్టేయడానికి చాలదు. ఎంత స్పీడులో జంక్షన్లోకి వచ్చాడు, సైరన్ మోగిందా, నెమ్మదించాడా, ఈ మూడే అడుగుతారు. డాష్‌క్యామ్ ఉంటే మీకే మేలు.

గుద్దాక ఆగాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134. గాయపడ్డవాడికి వైద్యం అందేలా చూడాలి. జనం కొట్టేలా ఉంటే తప్ప వదిలి వెళ్లకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి రెండో బండి అడగండి. చోటుంటే అతన్నీ ఎక్కించుకోండి. దగ్గర్లో పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోగా స్టేషన్లో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. చాలామంది ఆ ఆఖరిది మర్చిపోతారు, తర్వాత క్లెయిములో ఇరుక్కుంటారు.

ఆర్టీఓ_గేటు
ఓనర్లు చూసుకోవాల్సినవి. ఆంబులెన్స్‌కి మాత్రమే వాడే బండికి సెక్షన్ 66(3) ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాంతో "మాకు ఏ కాగితమూ అక్కర్లేదు" అనుకుంటారు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ మూడూ కావాలి. ఫిట్‌నెస్ అయిపోయిన బండి గుద్దితే, ఇన్సూరెన్స్ కంపెనీ నష్టపరిహారం బాధితుడికి కట్టినా తర్వాత ఓనరు దగ్గర వసూలుకి వస్తుంది.

స్పీడ్ గవర్నర్ (బండి వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం): సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్‌లో 118లో ఆంబులెన్సు, ఫైర్ టెండరు, పోలీసు బండ్లకి మినహాయింపు ఉంది. అందుకే మీ బండి 80 దగ్గర ఆగిపోదు. పోతుంది కదా అని పోనివ్వమని కాదు.

సైరన్: రూల్ 119. రకరకాల స్వరాలిచ్చే హారన్ ఎవరూ పెట్టుకోకూడదు. ఆంబులెన్సు, ఫైరు, పోలీసు, రవాణా శాఖ అధికారుల బండ్లు, ఇంకా ఒకట్రెండు రకాలకే అనుమతి. డాక్టర్ గారి కారు ఆ జాబితాలో లేదు. ఎమ్మెల్యే గారి కారు కూడా లేదు.

పలాస_జీడి
బుగ్గ లైట్లు 2017లోనే పోయాయి కదా?

ఆర్టీఓ_గేటు
అవును, 2017 మే 1 నుంచి. రూల్ 108 మార్చి, ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైట్లు ఫైరుకి, శాంతిభద్రతల పని మీదున్న పోలీసు, రక్షణ, పారామిలటరీ బండ్లకి, విపత్తు నిర్వహణకి మాత్రమే ఉంచారు. ఆంబులెన్స్ లైట్ల లెక్క వేరు, అది ఏఐఎస్-125 అనే వాహన ప్రమాణంలో ఉంది. అందులో ఆంబులెన్సులు నాలుగు రకాలు: ఎ అంటే ప్రథమ చికిత్సకి ముందు చేరేది, బి పేషెంటుని తీసుకెళ్లడానికి, సి బేసిక్ లైఫ్ సపోర్ట్, డి అడ్వాన్స్‌డ్. రోడ్డు మినహాయింపుకి ఆ రకంతో సంబంధం లేదు. కానీ వెంటిలేటర్ పేషెంటుని బి బండిలో ఎక్కించి సైరన్ వేసుకుని పరిగెత్తడం డ్రైవరు చెయ్యకూడని పని. ముందే ఒప్పుకోవద్దు.

పలాస_జీడి
తిత్లీ తుపాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో, ఇక్కడ కరెంటు డిపార్టుమెంటు బండ్లు చెట్ల మధ్య ఇరుక్కుపోయాయి. వాటికి దారి ఇవ్వడం కూడా రూలేనా?

కోర్టు_మెట్లు
రాష్ట్ర ప్రభుత్వం అత్యవసర వాహనం అని ప్రకటిస్తే రూలే. ప్రకటించకపోతే మామూలు బండి. మామూలు రోజు కరెంటు వ్యాను సైరన్ వేసుకుంటే 119 ఉల్లంఘన. తుపాను రోజు రోడ్డు మీదున్న పోలీసు పంపిస్తే ఆయన మాటే చెల్లుతుంది.

సాలూరు_ఘాట్
కొండరోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్లో సైరన్ కొండకి కొట్టుకుని తిరిగొస్తుంది, ఏ వైపు నుంచి వస్తోందో లారీవాడికి అర్థం కాదు. రాత్రయితే సైరన్‌కన్నా లైటు పని చేస్తుంది. మలుపుకి ముందు డిమ్మూ డిప్పూ రెండుసార్లు కొట్టండి, హైబీమ్ పెట్టి అలాగే ఉంచకండి. ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న రూలు అందరికీ ఉన్నదే. నిండు లోడుతో ఎక్కుతున్న లారీని మీకోసం ఆపితే అది మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదముంది. వెడల్పున్న చోటు వచ్చేవరకు దాని వెనకాలే వెళ్లండి, ముందున్న లారీవాడికి చెయ్యి చూపిస్తే వాడే సైడిస్తాడు.

స్టీరింగ్_సిక్కోలు
ఘాట్ సంగతి ఒప్పుకుంటాను. హైవేలో మాత్రం రాంగ్‌సైడ్ తప్పదు గురూ. జామ్ అయితే డివైడర్ అవతలకి వెళ్లకుండా ఎలగ?

ఫైర్‌బండి_విజయనగరం
తప్పుతుంది. 16వ నంబరు హైవేలో అవతలివైపు నుంచి వచ్చేవాడు 80, 90లో వస్తుంటాడు, ఎదురుగా బండి వస్తుందని కల్లో కూడా అనుకోడు. మీరు 60లో వెళ్లినా ఇద్దరూ ఢీకొనే వేగం 150. రూల్లో ఎదురు దిశ అన్న మాట ఉన్నా, అక్కడ "తగిన జాగ్రత్త" చూపించానని ఎవరూ చెప్పుకోలేరు. సర్వీసు రోడ్డు చూడండి, లేదా 112కి ఫోన్ చేసి పోలీసుతో ఒక లైను ఖాళీ చేయించండి. ముందు ఒక పోలీసు బండి నడిస్తే తప్ప డివైడర్ దాటొద్దు.

స్టీరింగ్_సిక్కోలు
సరే, పోలీసు ముందుంటే ఒప్పుకుంటాను.

నాగావళి_నడక
రైల్వే గేటు పడితే? మన జిల్లాల మధ్యనుంచి మెయిన్ లైను పోతుంది.

కోర్టు_మెట్లు
గేటుకి మినహాయింపు లేదు. రైల్వే చట్టం 160: మూసిన గేటు తెరిస్తే 3 ఏళ్ల వరకు, విరగ్గొడితే 5 ఏళ్ల వరకు జైలు. గేటుమన్‌ని తిట్టి ప్రయోజనం లేదు. ఇంటర్‌లాక్ ఉన్న గేటు, అంటే రైలు సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటు, రైలుకి సిగ్నల్ ఇచ్చాక అతని చేతిలో ఉండదు. బయల్దేరేముందే బ్రిడ్జి ఉన్న రూటు ఎంచుకోండి. కిలోమీటరు ఎక్కువైనా ఫర్వాలేదు.

నాగావళి_నడక
మరి ఆటోలో, సొంత కారులో పేషెంటుని తీసుకెళ్తుంటే?

ఈఎంటీ_చీపురుపల్లి
ఏ మినహాయింపూ లేదు. నాలుగు ఇండికేటర్లు వేసి హారన్ కొట్టుకుంటూ వెళ్తే ఇతరులు దారి ఇవ్వొచ్చు గానీ రెడ్ దగ్గర ఆగాలి. జంక్షన్లో కానిస్టేబుల్‌కి చెప్పండి, ఆయన సిగ్నల్ ఆపి పంపుతాడు. అంతకన్నా మంచి దారి ఒకటుంది: కారు కదిలించి 108కి ఫోన్ చేసి, ఎదురొచ్చే బండి ఎక్కడ కలుస్తుందో అడగండి. రణస్థలమో, నాతవలసో అనుకుని అక్కడ ఎక్కించండి. అప్పటికి సగం దూరం తగ్గిపోతుంది.

కోట_జంక్షన్
దారి ఇచ్చేవాళ్ల వైపు నుంచి అడుగుతాను. రెడ్ దగ్గర నేను ముందున్నాను, వెనకాల ఆంబులెన్స్ మోగుతోంది. నేను రెడ్ దాటితే చలానా నాకే కదా?

కోర్టు_మెట్లు
మీకు మినహాయింపు లేదు. ఎడమకి జరిగి దారి ఇవ్వండి. జరగడానికి చోటు లేకపోతే స్టాప్ లైను మీదకి కాస్త ముందుకి, ఎడమ వాలుగా వెళ్లి ఆగండి, జంక్షన్ మధ్యకి దూసుకెళ్లకండి. అవతలివైపు గ్రీన్ ఉంది, మిమ్మల్ని గుద్దుతారు. చోటుండి కూడా తప్పుకోకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194-ఇ: 6 నెలల వరకు జైలు, లేదా 10 వేలు జరిమానా, లేదా రెండూ. ఆంబులెన్స్ తోక పట్టుకుని ఖాళీ రోడ్డులో దూసుకెళ్లడం కూడా తప్పే. మోటారు సైకిళ్లకి అది బాగా అలవాటు. ఆంబులెన్స్ బ్రేకు వేస్తే వెనక డోరులోకి వెళ్తారు.

వంశధార_ఒడ్డు
ఇంకో మాట. దారి ఇస్తున్నామని బండ్లు కుడికీ ఎడమకీ చెల్లాచెదురైతే ఆంబులెన్స్ ఎటూ పోలేదు. అందరూ ఎడమకే పోతే డ్రైవరుకి కుడి లైను దొరుకుతుంది. డ్రైవర్లు కూడా కుడి లైనే పట్టుకోవాలి, మధ్యలో పాములాగ తిరగకూడదు.

కోట_జంక్షన్
విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఊరేగింపు రోజు ఏం చెయ్యాలి? కోటకీ పైడితల్లమ్మ గుడికీ మధ్య చీమ దూరదు.

ఫైర్‌బండి_విజయనగరం
అక్కడ సైరన్ పని చెయ్యదు, జనానికి తప్పుకోడానికి చోటే లేదు. పైగా సైరన్‌కి కంగారుపడి తొక్కిసలాట అవ్వొచ్చు. ఊరేగింపుకి ముందురోజే బారికేడ్ల రూటు పోలీసుల దగ్గర తీసుకుని, రింగురోడ్డు నుంచి వచ్చేలా చూసుకోవాలి. లోపల పడిపోయినవాళ్లని వాలంటీర్లు స్ట్రెచర్ మీద బారికేడ్ దాకా మోసుకొస్తారు, బండి బయటే ఉండాలి. రథసప్తమికి అరసవల్లిలో కూడా ఇంతే.

రాజాం_రూటు
చాలా తెలిసింది. చలానా సంగతి ఇంకా మిగిలిపోయింది. వచ్చేసిన చలానా తీయించుకోవడం ఎలా?

ఆర్టీఓ_గేటు
కెమెరాకి పేషెంటు కనపడడు, నంబరు ప్లేటే కనపడుతుంది. రూల్ 167ఎ ప్రకారం కెమెరా చలానా నోటీసు తప్పు జరిగిన 15 రోజుల్లోగా పంపాలి. వచ్చాక కట్టేయకండి, కడితే ఒప్పుకున్నట్టే. ఈ-చలానా పోర్టల్లో ఫిర్యాదు పెట్టే చోటుంది. అది కదలకపోతే చలానా వేసిన ట్రాఫిక్ స్టేషన్‌కే వెళ్లండి.

తీసుకెళ్లాల్సినవి: ఆర్‌సీ కాపీ, ఆ రోజు ట్రిప్ షీటు, పంపిన ఆసుపత్రి రిఫరల్ చీటీ, చేర్చుకున్న ఆసుపత్రిలో ఓపీ లేదా క్యాజువాలిటీ నమోదు టైము, జీపీఎస్ ఉంటే ఆ రూటు ప్రింటు. చలానా మీది టైము రిఫరల్ టైముకీ, చేర్చుకున్న టైముకీ మధ్య పడాలి. రిఫరల్ చీటీ మీద తేదీ ఒక్కటే రాసి టైము రాయకపోవడం మామూలు, అక్కడే వాదన పోతుంది. ఎక్కించేటప్పుడే నర్సమ్మ గారిని అడిగి టైము వేయించుకోండి. పేషెంటు పేరు, జబ్బు వివరాలు స్టేషన్లో అందరికీ చూపించక్కర్లేదు, కాపీలో అవి కప్పేసి ఇవ్వొచ్చు.

ఈఎంటీ_చీపురుపల్లి
ట్రిప్ షీటులో ఆక్సిజన్ కూడా రాయండి. బి టైపు సిలిండర్లో (ఇది సిలిండరు సైజు, ఆంబులెన్స్ రకం కాదు) సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు, 15 పెడితే 100. ఇచ్ఛాపురం నుంచి విశాఖకి ఒక్కటి చాలదు. దారిలో అయిపోతుందన్న భయంతోనే డ్రైవర్లు 110, 120 తొక్కుతారు. రెండోది నిండుగా ఉంటే ఆ తొందర ఉండదు.

బొబ్బిలి_బుల్లోడు
డ్రైవరు సీటు బెల్టు?

ఆర్టీఓ_గేటు
మినహాయింపు లేదు. పెట్టుకోవాలి. ఫోన్ కూడా అంతే, ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్లు వెనకున్న టెక్నీషియనో పేషెంటు బంధువో ఎత్తాలి. మందు సంగతి చెప్పక్కర్లేదు, తాగి తోలడం మీదున్న సెక్షన్ 185కి ఏ బండీ మినహాయింపు కాదు.

నాగావళి_నడక
ఆసుపత్రి గేటులోకి వచ్చాక కూడా కొందరు సైరన్ ఊదుతూనే ఉంటారు. సైలెన్స్ జోన్ కాదేటి?

కోర్టు_మెట్లు
ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. అత్యవసరం అయితే హారన్‌కి మినహాయింపు ఉంది గానీ, ఖాళీ గేటులో మోగించడానికి కారణం ఏదీ చెప్పలేరు. గేటు మలుపులో ఆపెయ్యాలి, లైట్లు చాలు.

రాజాం_రూటు
మడపాం టోలు దగ్గర ప్రైవేటు ఆంబులెన్స్‌ని ఆపి డబ్బులు అడిగితే?

ఆర్టీఓ_గేటు
జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008, రూల్ 11. ఆంబులెన్స్‌గా వాడే బండికి ఫీజు లేదు, శవాన్ని తీసుకెళ్లే బండికీ లేదు. ప్రైవేటు, సర్కారు అని తేడా లేదు. శవాన్ని తీసుకెళ్లే బండికి టోలు లేకపోయినా సైరన్ హక్కు మాత్రం లేదు, అది కలపకండి. మినహాయింపు ఫాస్టాగ్ హైవే అథారిటీ ద్వారా తీసుకుంటే గేటు దానంతటదే లేస్తుంది. మామూలు ఫాస్టాగ్ అద్దానికి అంటించి ఉంటే మిషను డబ్బు కోసేస్తుంది, అది పీకేశాకే కొత్తది అంటించండి.

రాజాం_రూటు
ఆర్‌సీ కాపీ, పాత ట్యాగ్ నంబరు రేపు ఓనరు దగ్గర తీసుకుని అప్లై చేయిస్తాను. ట్రిప్ షీటు నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

ఈఎంటీ_చీపురుపల్లి
గడులు ఇవి, పుస్తకం షాపులో రూళ్ల రిజిస్టరు కొని గీసుకోవచ్చు: ఫోన్ వచ్చిన టైము, బయల్దేరిన టైము, పేషెంటు దగ్గరకి చేరిన టైము, ఎక్కించిన టైము, మీటరు రీడింగు, ఆసుపత్రికి చేరిన టైము, అప్పగించుకున్నవాళ్ల సంతకం, ఆక్సిజన్ గేజి మొదట్లో ఎంత, చివర్లో ఎంత, సైరన్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా వేశారు. ఒక పేజీకి ఒక్క ట్రిప్పే రాయండి, కాపీ తీయించడం తేలిక.